ఇంకో లీటరు

ఆ డాక్యుమెంటరీ చూసి మా కాలనీలో అందరికంటే ఎక్కువ ఏడ్చింది నేనే. ఎవరినడిగినా చెబుతారు. గంగాధరరావు గారిది మెత్తని మనసండీ, పైకి అలా కనిపిస్తారు గానీ, అంటారు. స్టీల్‌ప్లాంటులో ఇరవై రెండేళ్లుగా ఆ వేడిలో నిలబడి కిందివాళ్ల మీద కేకలేసేవాడికి మెత్తని మనసేమిటని ఒక్కరికీ అనుమానం రాలేదు. ఆ రోజుల్లో నాకూ రాలేదనుకోండి.

ఇది పోయిన ఎండాకాలం సంగతి. మొదలైంది మాత్రం డాక్యుమెంటరీతో కాదు, పెరుగుతో.

మాది సబ్బవరం దగ్గర కొత్తగా వేసిన లేఅవుట్. నలభై ఇళ్లు, చుట్టూ ప్రహరీ, ముందు గేటు. ప్రహరీ అవతల ఇంకా పొలాలున్నాయి. ఆ గట్టు మీదే చిట్టెమ్మ రేకుల పాక. ఆమె మొగుడు అప్పలసూరి పోర్టులో కలాసీగా చేసేవాడు, కాలు విరిగి ఇంట్లో కూర్చున్నాడు. ఇద్దరికీ ఉన్న ఆధారం ఒక్క గేదె. దాని పాలు మా వీధిలో ఐదిళ్లకి వచ్చేవి. కాలనీలో ఇంకా ఇల్లు కట్టని ప్లాట్లు పదో పన్నెండో ఉన్నాయి. వాటిలో గేదెని మేపుకోవడానికి, ఎండవేళ నీడన కట్టుకోవడానికి అసోసియేషన్‌లో మాట్లాడి అందర్నీ ఒప్పించింది నేనే. ఆ మాట చిట్టెమ్మకి ఎప్పుడూ గుర్తు చేయలేదు, అవసరం పడేదాకా.

మే నెల మొదట్లో రావులపాలెం నుంచి మా చెల్లెలు పిల్లల్ని తీసుకుని వచ్చింది. మూడు వారాలుంటామన్నారు. పిల్లలకి బీచి, సబ్‌మెరైను, రోప్‌వే అన్నీ చూపించాలి. మా అమ్మ మంగాయమ్మకైతే కాళ్లు నేల మీద నిలవలేదు. పొద్దున పెరుగన్నం, మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం పాలకోవా. రెండు రోజులకే మా ఆవిడ ఇంద్రజ చేతులెత్తేసింది.

"పాలు చాలడం లేదండీ. ఓ రెండు పేకెట్లు తెప్పించండి."

"పేకెట్టు పాలు తోడేస్తే అది పెరుగా, పిండి జావా?" అంది మా అమ్మ లోపల్నుంచి. "మనవలొచ్చేది ఏడాదికోసారి. ఆ చిట్టెమ్మనడగరా, లేదంటుందా?"

అడగడానికి నేనే వెళ్లాను. చిట్టెమ్మ అప్పుడే పాలు పిండడం ముగించి దూడని వదిలింది. పోతుదూడ. పుట్టి ఇరవై రోజులయి ఉంటుంది. ఒంటి కన్నా చెవులే పెద్దవిగా ఉన్నాయి. తల్లి పొదుగుని తలతో కుమ్ముతూ తాగుతోంది, మూతి నిండా నురుగు.

"ఇంకో లీటరా? యాడనుంచి తేను బావూ?" అంది చిట్టెమ్మ. "మూడు సన్నులు పిండుతన్నాను. ఒకటి దూడకి వొదలాల గందా."

నాలుగు చన్నుల్లో ఒకటి దూడ వంతు. వాళ్ల అత్తగారి కాలం నుంచీ అలాగేనట. పాలకోసం ఎంతమంది అడిగినా ఆ నాలుగోది ముట్టుకునేది కాదు.

"దూడకి తవుడు జావ పట్టు చిట్టెమ్మా. మూడు వారాలేగా."

"పాలు తాగే పిల్లకి జావేటి బావూ? ఓ నెల పోనీండి, గడ్డి కొరుకుతాది. అప్పుడు మీరెంతంటే అంత ఇత్తాను."

"అప్పటికి మా వాళ్లు వెళ్లిపోతారు." నాకు చిరాకేసింది. "అయినా అది పోతుదూడే కదా. పెయ్యయితే రేపు పాలిస్తుంది. దీన్ని పెంచి నువ్వేం చేసుకుంటావు?"

"పోతుదయినా దానికీ ఆకలుంటాది గందా," అంది నవ్వుతూనే.

అప్పుడన్నాను ఆ మాట. "నిన్న మీటింగులో ఎవరో మళ్లీ ప్లాట్ల సంగతి ఎత్తారు. పేడ వాసనంటున్నారు. నేనే సర్దిచెప్పానులే."

ఎవరూ ఎత్తలేదు. అసలు నిన్న మీటింగే జరగలేదు. ఆ అబద్ధం నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. చిట్టెమ్మ నవ్వు ఆగిపోయింది. దూడ మెడలో తాడు పట్టుకుని పొదుగు దగ్గర్నుంచి వెనక్కి లాగి గుంజకి కట్టేసింది.

"గిన్నె పంపించండి బావూ," అంది.

మర్నాటి నుంచి మా ఇంట్లో పాలకి కొదవ లేదు. రోజూ పొద్దున్నే గిన్నె పట్టుకుని నేనే వెళ్లేవాణ్ని, నడక కూడా అవుతుందని. కాబట్టి నేను చూడలేదని చెప్పడానికి లేదు. మొదటి వారం దూడ గుంజ చుట్టూ తిరుగుతూ ఉండేది. రెండో వారానికి కూర్చునే ఉండేది. చిట్టెమ్మ సీసాతో జావ పోస్తే సగం మూతి పక్కనుంచి కారిపోయేది. విరేచనాలు పట్టుకున్నాయి, వెనక కాళ్ల మీద ఎండి అట్టకట్టాయి. ఒకరోజు నేను గిన్నె కింద పెడితే, ఎలా లేచిందో లేచి వచ్చి గిన్నె అంచు నాకింది. "హెయ్" అని అదిలించి గిన్నె పైకి తీసుకున్నాను.

పద్దెనిమిదో రోజు చిట్టెమ్మే గేటు దగ్గర ఎదురొచ్చింది.

"దూడ పోనాది బావూ. తెల్లారి సూత్తే సల్లగా ఉంది."

"అయ్యో," అన్నాను. ఆ తర్వాత ఖాళీ గిన్నె చేయి మార్చుకుంటూ, "ఎండలు అలా ఉన్నాయి," అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "అవును బావూ. ఎండలే," అంది.

రెండు రోజులు గేదె పాలు చేపలేదు, చుక్క వదల్లేదు. పొదుగు రాయిలా బిగుసుకుపోయి, మా ఇంటిదాకా వినపడేలా అరిచింది. మూడో రోజుకి అప్పలసూరి దూడ తోలులో ఎండుగడ్డి కూరి, కుట్టి, నాలుగు కర్రముక్కలు కాళ్లుగా పెట్టి నిలబెట్టాడు. పాడి ఉన్న ఇళ్లలో పాత పద్ధతే అది. తల్లి ఆ వాసన పట్టుకుని, బిడ్డే వచ్చిందనుకుని పాలు వదులుతుంది. నేను వెళ్లేసరికి గేదె దాన్ని నాకుతోంది. కళ్లు ఉండాల్సిన చోట కుట్లున్నాయి. నాలుక అక్కడికొచ్చి ఆగేది, మళ్లీ మొదటి నుంచి నాకేది. కింద చిట్టెమ్మ నాలుగు చన్నులూ పిండుతోంది. ఇక ఎవరికీ వదలాల్సిన పని లేదు.

గిన్నె నింపించుకుని ఇంటికొచ్చాను. దూడ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా చెల్లెలు వెళ్లేటప్పుడు మా అమ్మ స్టీలు డబ్బా నిండా కోవా కట్టిచ్చింది.

జూన్‌లో ఇంకో రెండు రోజుల్లో బడులు తెరుస్తారనగా మా అమ్మాయి హేమశ్రీ సెలవుల ప్రాజెక్టు బయటికి తీసింది. తొమ్మిదిలోకి వచ్చింది. మూగజీవాల మీద ఏదైనా డాక్యుమెంటరీ ఇంట్లోవాళ్లతో కలిసి చూసి, ఎవరేమన్నారో రాసుకురమ్మన్నారట. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందర్నీ టీవీ ముందు కూర్చోబెట్టింది. ఎక్కడో బయటి దేశం వాళ్లు తీసింది, తెలుగు డబ్బింగు, గంటసేపు. పాడి పశువుల గురించి.

పది నిమిషాలకే మా అమ్మ కుర్చీ గోడ వైపు తిప్పేసుకుంది. "ఇలాంటివి చూడమని ఏ మాస్టరు చెప్పాడే? అన్నం అరగొద్దూ?" అంది. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. ఇంద్రజ కొంగు నోట్లో కుక్కుకుంది. హేమశ్రీ ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని మా మొహాల్లోకి చూస్తూ రాసుకుంటోంది.

చివర్లో వచ్చింది అది. చీకటి కొట్టంలో ఒక తల్లి, దాని ముందు గడ్డి కూరిన తోలు. హేమశ్రీ రిమోటు నొక్కి బొమ్మ ఆపింది.

"నాన్నా, ఇలాంటిది చిట్టెమ్మత్త దగ్గర కూడా ఉంది. నేను చూశా. దిష్టిబొమ్మ అనుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. దొంగేడుపు కాదు, నిజంగానే వచ్చింది, వెక్కిళ్లు పెట్టుకుంటూ. ఇంద్రజ కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఏడుపులో ఒక హాయి ఉంది. చేసేవాళ్లు టీవీలో ఉన్నారు, ఏడ్చేవాణ్ని నేను సోఫాలో ఉన్నాను. అంటే నేను వాళ్లలో వాణ్ని కాదన్నమాట. అలా ఏడుస్తున్నంతసేపూ గిన్నె అంచు నాకిన దూడ గుర్తుకొచ్చినా భరించగలిగాను.

"నువ్విలా ఏడుస్తావనుకోలేదు నాన్నా," అని హేమశ్రీ నా మెడ చుట్టూ చేతులేసింది. పెద్దదయ్యాక అలా చెయ్యడం మానేసిన పిల్ల.

ఆ ఊపులోనే ఫోన్ తీసి కాలనీ గ్రూపులో రాశాను. "ఎక్కడో కాదు, మన గోడ పక్కనే ఈ దారుణం జరుగుతోంది. తల్లి ముందు చచ్చిన బిడ్డ తోలు నిలబెట్టి పిండిన పాలు మనం మన పిల్లలకి పోస్తున్నాం. ఒక్కసారి ఆలోచించండి." డాక్యుమెంటరీ లింకు కూడా పెట్టాను. చిట్టెమ్మ పేరు రాయలేదు. రాయకపోవడం మర్యాద అనుకున్నాను. మా గోడ పక్కన ఉన్నదే ఒక్క గేదె.

నా మెసేజీ కింద ఏడుపు మొహాలు, దణ్ణాలు వరసగా పడుతూనే ఉన్నాయి. రాత్రి అన్నం తింటూ కూడా చూసుకున్నాను. అసోసియేషన్ సెక్రటరీ జగ్గారావు గారు ఫోన్ చేశారు. పోర్టులో రిటైరైన మనిషి, ఏ పనైనా మీదేసుకుని చేస్తారు.

"మీ మెసేజీ సూసి మా ఇంట్లో ఎవులూ టీ ముట్టనేదండీ గంగాధరరావు గారూ. వొచ్చే ఆదివారం హాల్లో అందరికీ వేద్దాం. మీరే నాలుగు మాటలు మాటాడాల."

ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. తెల్ల దుప్పటి మీద డాక్యుమెంటరీ నడుస్తుంటే ముక్కులు ఎగబీలుస్తున్న చప్పుడు. ఒకాయన మధ్యలో లేచి బయటికెళ్లి నిలబడ్డాడు. పిల్లలు తల్లుల ఒళ్లో మొహాలు పెట్టుకున్నారు. అయిపోయాక లైట్లేసి సమోసాలు, టీ ఇచ్చారు. పాలు పోసిన టీయే. "ఈ ఒక్కరోజుకీ కానివ్వండి, రేపట్నుంచి చూద్దాం," అని ఎవరో అంటే అందరూ గ్లాసులందుకున్నారు. నేనూ తాగాను, గొంతు తడారిపోయి ఉంది. తర్వాత లేచి మాట్లాడాను. తల్లి ప్రేమ అన్నాను, నోరు లేని జీవం అన్నాను. మధ్యలో ఆగి కళ్లు తుడుచుకున్నాను. చప్పట్లు కొట్టారు.

అప్పుడు చూశాను చిట్టెమ్మని. జగ్గారావు గారు పిలిపించారట. తలుపు దగ్గర నిలబడి ఉంది. డాక్యుమెంటరీ మొత్తం నిలబడే చూసినట్టుంది.

"సూసావా చిట్టెమ్మా?" అన్నారు జగ్గారావు గారు.

"సూసాను బావూ. ఆ దేసంలో గొడ్లు కూడా మన గొడ్లలాగే అరుత్తన్నాయి."

"మీ దూడ ఎలగ సచ్చిపోనాది?"

"పాలు సాల్లేదు బావూ."

"సాలకపోవడమేటి? దాని తల్లి పాలే గదా. దానికెందుకు వొదల్లేదు?"

ముందు వరసలో ఉన్న నా వైపు చూసింది చిట్టెమ్మ. కోపంగా కాదు. నేను లేస్తానని అనుకుంది, అంతే. అది నాకు స్పష్టంగా తెలిసింది. హేమశ్రీ నా పక్కనే కూర్చుంది, నా మోచెయ్యి పట్టుకుని. నేను జేబులోంచి ఫోన్ తీసి చూసుకున్నాను. అందులో ఏమీ లేదు.

"నాదే తప్పు బావూ," అంది చిట్టెమ్మ. "కక్కుర్తి పడ్డాను."

హాల్లో ఎవరో "పాపిష్టిది" అన్నారు. చకచకా తీర్మానాలైపోయాయి. ఆ తోలు ఈ సాయంత్రమే పూడ్చెయ్యాలి. గేదె ఇక ప్లాట్లలోకి రాకూడదు. రేపట్నుంచి అందరూ పేకెట్టు పాలే. వెనక నుంచి మా అమ్మ అడిగింది, "మరి ఆ పేకెట్టు పాలు ఎవరివి నాయనా? వాటికి దూడలుండవా?"

"అవి కంపెనీ పాలండీ," అన్నారు జగ్గారావు గారు. "అన్నీ మెషీన్లే." అందరూ తలలూపారు. ప్లాంటులో మెషీన్ల మధ్య బతికే నేను కూడా ఊపాను.

దూడ తోలుని ఆ సాయంత్రమే గట్టు పక్కన పాతిపెట్టారు. పసుపు, కుంకుమ, బంతిపూలు వేసి దణ్ణం పెట్టుకున్నారు. వీడియో తీసి గ్రూపులో పెట్టారు. వీడియోలో వెనక నుంచి గేదె అరుపు వినిపిస్తూనే ఉంది. కింద మళ్లీ అవే దణ్ణాలు.

మర్నాడు గేదె పాలు చేపలేదు. ఆ మర్నాడూ లేదు. చిట్టెమ్మ పత్తిగింజలు నానబెట్టి పెట్టింది, వేడినీళ్లతో పొదుగు కడిగింది, పాత గోనె చుట్టి దూడలా నిలబెట్టి చూసింది. అది గోనెని ఒకసారి వాసన చూసి మొహం తిప్పేసుకుంది. సూదిమందు వేస్తే చేపుతుందని ఎవరో చెబితే ఆమె వద్దంది. "దాని ఒంటికి అది సెడ్డ. నాను ఎయ్యను," అందట. ఇంద్రజకి ఇవన్నీ మా పనిమనిషి చెప్పేది. ఇంద్రజ నాకు చెప్పేది. నేను పేపరు చదువుకునేవాణ్ని. వారానికి పొదుగు వాచింది. ఇంకో వారానికి గేదె వట్టిపోయింది. మేపడానికి ప్లాట్లు లేవు, కొనడానికి ఇళ్లు లేవు. పొదుగు చెడిన గేదెని పాడికి కొనేవాళ్లు ఎవరుంటారు?

శుక్రవారం సాయంత్రం ప్లాంటు బస్సు దిగి వస్తుంటే గట్టు పక్కన వ్యాను ఆగి ఉంది. హేమశ్రీ బడి సంచీ భుజానే ఉంచుకుని అక్కడే నిలబడి ఉంది.

"అత్తా, గేదెని ఎక్కడికి పంపుతున్నావు?" అని అడుగుతోంది.

"పాలివ్వని గొడ్డుని ఇంకెక్కడికి తల్లీ," అంది చిట్టెమ్మ.

వ్యానుకి ఆనించిన చెక్క పలక గేదె ఎక్కనంటోంది. వచ్చినవాళ్లలో ఒకడు తోక మెలిపెట్టాడు. "వొద్దు బావూ, నాను ఎక్కిత్తాను," అని చిట్టెమ్మ వాణ్ని పక్కకి జరిపి, తనే ముందు వ్యాను ఎక్కి, నాలుకతో టక్‌టక్‌మని పిలిచింది. రోజూ పాలప్పుడు పిలిచే పిలుపే. గేదె తల వంచుకుని ఆమె వెనకే ఎక్కేసింది. దాని తాడు లోపల కడ్డీకి కట్టి, నుదురు నిమిరి, చిట్టెమ్మ దిగిపోయింది. వ్యాను తలుపు వేసేశారు. హేమశ్రీ నన్ను చూడకుండానే ఇంటివైపు పరిగెత్తింది.

ఆ రాత్రి పిల్ల అన్నం తినలేదు. మర్నాడు బడికి వెళ్లలేదు. ప్రాజెక్టుకి మొదటి బహుమతి ఇచ్చారట, ఆ కాగితం చింపేసి చెత్తబుట్టలో పడేసింది. మూడో రోజుకి జ్వరం కూడా వచ్చింది.

"నా వల్లే అంటోందండీ," అంది ఇంద్రజ కళ్లు తుడుచుకుంటూ. "ఆ డాక్యుమెంటరీ నేను పెట్టకపోతే గేదె బతికుండేది, నేనే చంపేశానంటోంది. నా మాట వినడం లేదు. మీరు చెప్పండి, మీరంటే దానికి గురి."

మేడ మీద నీళ్ల ట్యాంకు నీడలో మోకాళ్లు కావలించుకుని కూర్చుని ఉంది హేమశ్రీ. పక్కన కూర్చున్నాను.

"నీ తప్పేం లేదమ్మా."

"మరెవరిది?"

"ఎవరిదీ కాదు. అలా జరిగిపోయింది."

"దూడకి పాలు వదిలి ఉంటే ఇదంతా జరిగేదే కాదు కదా నాన్నా. అత్త ఎందుకలా చేసింది? అత్త మంచిదే కదా."

ఇంకో అబద్ధం చెప్పొచ్చు. నాకు చేతకాని పనేం కాదు. కానీ పిల్ల పెదాలు ఎండిపోయి ఉన్నాయి, చేతులు వేడిగా కాలుతున్నాయి. చెప్పేశాను. ఇంకో లీటరు అడిగినది, పోతుదూడే కదా అన్నది, జరగని మీటింగు పేరు చెప్పి బెదిరించినది, అన్నీ.

"అత్తకి ఇదంతా తెలుసుగా. మరి ఆ రోజు హాల్లో చెప్పలేదేం?"

"నా పరువు పోతుందని ఊరుకుందేమో. పాపం, ఆమె మంచి..."

"అత్త కాదు నాన్నా. నువ్వు."

"అందరూ చూస్తున్నారమ్మా," అన్నాను.

హేమశ్రీ లేచి చెప్పులేసుకుంది. "పద. అత్త దగ్గరికి."

చిట్టెమ్మ పాక ముందు కూర్చుని జీడిపిక్కలు కొడుతోంది. ఈమధ్య కూలికి అవే కొడుతోందట, జీడి రసానికి వేళ్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి. వెనక గేదె కట్టేసే చోటు ఊడ్చి, ముగ్గు కూడా వేసి ఉంది. హేమశ్రీ వెళ్లి ఆమె పక్కన కింద కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను.

"క్షమించు చిట్టెమ్మా," అన్నాను. "అంతా నా వల్లే జరిగింది."

చిట్టెమ్మ ఇంకో పిక్క కొట్టింది. "మీరు అడిగినారు, నాను ఇచ్చాను. దూడని గుంజకి కట్టింది నా సెయ్యే గందా బావూ. దానికి నాను ఏడుత్తన్నాను, ఏడుత్తాను. అది నాకూ దానికీ ఉన్నది."

"లేదు, నేను ఆ మాట అనకపోయుంటే..."

"ఆ మాట నాకు సెప్పితే ఏటొస్తాది? నాకు తెల్దేటి?" మొదటిసారి తలెత్తి చూసింది. "ఆ హాల్లో ఉన్నోల్లకి సెప్పండి. నాను అటేపు ఎల్తే పిల్లల్ని పక్కకి లాక్కుంటన్నారు. దూడని సంపిన మనిసంట. ఇల్లు తుడిసే పనికి అడిగితే ఒక్క గుమ్మం ఎక్కనివ్వనేదు. నాకు పని కావాల బావూ. గేదె ఎలాగూ నేదు."

హేమశ్రీ ఒళ్లోకి రెండు పిక్కలు తీసుకుంది.

"నేనిక్కడే ఉంటా," అంది నా వైపు చూడకుండా. "నువ్వెళ్లి జగ్గారావు తాతయ్యకి చెప్పేసి రా."

వెళ్లాను. చెప్పకూడదనుకుంటూ వెళ్లలేదు, నమ్మండి. గేటు దాటి నాలుగో ఇల్లు ఆయనది. ముందు కుండీలకి నీళ్లు పెడుతున్నారు. నన్ను చూడగానే పంపు కట్టేసి ఎదురొచ్చారు.

"ఏటండీ, మొగం అలగుంది? పాపకి ఒంట్లో బాగోలేదంట గదా."

"ఆ దూడని చంపింది చిట్టెమ్మ కాదండీ," అన్నాను. "నేను చంపాను. దాని పాలు నేను తాగాను."

జగ్గారావు గారు తడిచేతులు లుంగీకి తుడుచుకుని నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీ మనసు నాకు తెల్దేటండీ? అందరం తాగినోల్లమే. ఆ పాపం అందరిదీని. అయినా మీరొక్కరే ఇలగ మీదేసుకుంటన్నారు సూడండి, అందుకే మిమ్మల్ని సూత్తే నాకు గౌరవం."

"అది కాదండీ, మే నెలలో..."

"వొచ్చే నెల కోళ్ల మీద ఒకటి వేద్దామనుకుంటన్నాం. మీరు ఇప్పుడు అన్నారే, ఆ దూడని నాను సంపాను అని, ఇదే మాట మైకులో అనాల. హాల్లో ఒక్కరి కన్ను కూడా ఆరదు. ఏటంటారు?"

ఇంకో నాలుగు మాటలు చాలు. ఏ రోజు వెళ్లానో, ఎన్ని చన్నులో, ఏ అబద్ధం చెప్పానో. నోటి దాకా వచ్చాయి. ఆయన నా చేతులు అలా ఆప్యాయంగా పట్టుకునే ఉన్నారు. వీధిలో పోతున్న ఒకావిడ ఆగి నాకు నమస్కారం పెట్టింది.

"సరే లెండి," అన్నాను.

వెనక్కి తిరిగితే గేటులోంచి అవతల గట్టు మీద హేమశ్రీ నిలబడి కనిపించింది. చిట్టెమ్మ కూడా లేచి నిలబడి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటే చూస్తోంది. అంత దూరం నుంచి మాటలు వినపడవు. చెప్పావా అని హేమశ్రీ చేత్తో అడిగింది.

చెప్పానని తల ఊపాను.